పురుగు రంగు శాలువా

బుచ్చన్న చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. అన్నానికి నలుపు అంటుతుందని చెంచాతో తినేవాడు. గదిలో అందరం నవ్వేవాళ్లం. నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి.

ఆయనది పుట్టపాక. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత మగ్గం ఎక్కించే చిటికి పని వాళ్లకు తాతలనాటిది. వాళ్ల తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి ఈ అరబ్బుల నెత్తులకే వచ్చేవట. ఏజెంటు టైలర్ వీసా అని చెప్పి జెడ్డా పంపితే, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆయన్ని బలద్ బజారులో లాండ్రీ వెనక రేకుల షెడ్డులో నిలబెట్టాడు. ఆడవాళ్లు ఒంటినిండా కప్పుకునే అబాయాలు ఎండకు వెలిస్తే వాటికి మళ్లీ నల్లరంగు వెయ్యాలి. ఎన్ని రంగులో తెలిసిన మనిషికి చివరికి ఒక్కటి మిగిలింది.

నేను భూమేష్‌ను, ఆర్మూరు వాణ్ణి. అదే లాండ్రీలో ఇస్త్రీ, కౌంటరు నావి. పదో తరగతి ఇంగ్లిష్ వచ్చని కాస్త పొగరు కూడా ఉండేది. బుచ్చన్నకు అక్షరం రాదు, ఇంటి ఉత్తరాలు నేనే చదివిపెట్టేవాణ్ణి. ఆయన భార్య ముత్యవ్వకు క్షయ. ఒక్కసారి వచ్చిపొమ్మన్న మాట లేని ఉత్తరం ఒక్కటీ లేదు.

ఇంతలో, తొంభై ఒకటిలో, కువైట్ కోసం యుద్ధం వచ్చింది. స్కడ్ క్షిపణులు రియాద్ మీద పడుతుంటే జెడ్డాలో మాకు నిద్ర లేదు. అందరికీ ఇంటి ధ్యాసే. పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో. యుద్ధం ముగిశాక మా ఇద్దరిలో ఒక్కరికే ఇంటికి పోయిరావడానికి చుట్టీ ఇస్తానన్నాడు, ఇద్దరూ పోతే దుకాణం ఎవరు నడుపుతారని. నాకు పుట్టిన కొడుకును నేనింకా చూడలేదు. అదీ నా సాకు. సాకనే అంటున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు అమెరికా సైన్యంలో నర్సు ఒకామె, యూనిఫాం మీద అబాయా వేసుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. పేరు మార్తా. సంచీలోంచి శాలువా తీసింది. ఎర్రటి నేల మీద తెల్లటి చుక్కలు, చుక్కల్లో పిట్టలు. ఒక మూల అయోడిన్ మరక. వాళ్ల నానమ్మ గ్వాటెమాలాలో మాయా జాతి మనిషట. మగ్గం ఒక కొస చెట్టుకు, ఇంకో కొస తన నడుముకు కట్టుకుని నేసిందట. పోయే ముందు మనవరాలి భుజాన వేసిందట.

అబాయాల మూట తెచ్చిన బుచ్చన్న ఆగిపోయాడు. చేతులు లుంగీకి గట్టిగా తుడుచుకుని అంచు పట్టుకున్నాడు.

"గిది మన చిటికి పనే తమ్మీ. ముడి ఇప్పిన జాడ సూడు. గా ముసలమ్మకు మా పని ఎవలు నేర్పిన్రు?"

ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కఫీల్ కూడా చూశాడు. ఈమె మెచ్చిందంటే అమెరికా సైన్యం క్యాంపు బట్టలన్నీ మనకే అన్నాడు. శాలువా బాగు చెయ్, చుట్టీ నీదే అని బుచ్చన్న భుజం తట్టాడు. నా కడుపు అక్కడే మండింది.

మార్తా నాకు ఇంగ్లిష్‌లో మెల్లగా విడమర్చి చెప్పింది. ఆ ఎరుపు నాగజెముడు మీద బతికే పురుగుల నుంచి తీసిన రంగు. సబ్బు, సోడా తగలకూడదు. చల్లటి నీళ్లలోనే జాడించాలి.

"ఏమంటుంది తమ్మీ?"

"మరక పోవాల్నంట అన్నా."

మిగతాది మింగేశాను.

ఏమవుతుందో నాకు సరిగ్గా తెలియదు, కానీ ఏదో అవుతుందని తెలుసు. పుట్టపాకలో ఎర్రబట్టకు చివర బూడిద నీళ్లలో ఒక ఉడుకు పెడతారు. వాళ్ల ఎరుపు దానితో ఇంకా మెరుస్తుంది. ఇక్కడ బూడిద లేదు కాబట్టి బుచ్చన్న సోడా మరిగించాడు. పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు రెండు చేతులతో శాలువాను అందులోకి దించాడు. నేను ఇస్త్రీ చేస్తూ చూస్తున్నాను. ఎరుపు నేరేడు రంగుకు తిరిగి, తెల్లటి పిట్టల్లోకి పాకింది. ఆయన బయటికి లాగాడు, నిమ్మకాయ పిండాడు, ఉత్త నీళ్లు పోశాడు. ఎంత చేసినా పిట్టలు తేలలేదు.

నాలుగోరోజు మార్తా వచ్చింది. అరవలేదు. స్టూలు మీద కూలబడి, నువ్వు చెప్పావా అని నన్నడిగింది. చెప్పానన్నాను. చాలాసేపు బుచ్చన్న చేతుల వంక చూసి, ఆయన తప్పేం లేదులే, బాధపడొద్దని చెప్పు అంది.

"ఏమంటుంది తమ్మీ?"

"పోలీసులకు పట్టిస్తనంటుంది. నేను బతిమిలాడుతున్న."

"నీ కడుపు సల్లగుండ" అని ఆ నల్లటి చేతులు నాకు జోడించాడు.

ఆమె శాలువా మడిచి తీసుకుని వెళ్లిపోయింది. కఫీల్ గంగాళంలోంచి తడి అబాయా తీసి, దానితోనే బుచ్చన్నను మొహం మీద కొట్టాడు. నీకు చుట్టీ లేదు, దేశం దాటనిచ్చే ఖురూజ్ కాగితం లేదు అన్నాడు.

ఏప్రిల్‌లో నేను ఇంటికొచ్చాను. బుచ్చన్న ఇచ్చిన దుప్పటి పట్టుకుని పుట్టపాక పోయాను. ముత్యవ్వ దగ్గు ఆపుకుంటూ, ఆయనెందుకు రాలేదని అడిగింది. పని బాగా చేస్తాడని కఫీల్ వదలడం లేదన్నాను. ఆమె మురిసిపోయింది. మరుసటి ఏడు క్షయతోనే కన్నుమూసింది. అప్పటికి నేను మళ్లీ జెడ్డాలో ఉన్నాను. ఆ ఉత్తరం బుచ్చన్నకు చదివింది కూడా నేనే. సగం వినేసరికి లేచి గంగాళం దగ్గరికి వెళ్లిపోయాడు.

తొంభై తొమ్మిదిలో గానీ కఫీల్ ఆయన్ని వదల్లేదు. అప్పటికి నేను ఆర్మూరులో బట్టల కొట్టు పెట్టుకుని స్థిరపడ్డాను. ఊరు చేరిన ఏడాదికి బుచ్చన్న వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. గోళ్ల కింద నలుపు ఇంకా అట్లాగే ఉంది. సంచీలోంచి శాలువా తీశాడు. ఎర్రటి నేల, తెల్లటి చుక్కలు, చుక్కల్లో పిట్టలు. ఒక్క పిట్ట తప్పిపోలేదు.

"ఎనిమిదేండ్లు సోంచాయించిన తమ్మీ. గా ఎరుపు పురుగుది, మన లక్క అసొంటిది. గందుకే సోడ పడలే. గా నర్సమ్మ ఒక్క మాట చెప్తే అయిపోతుండె. చెప్పకపాయె."

 ఆయన లేచి శాలువా నా భుజాల మీద కప్పాడు.

"ఆనాడు నువ్వు బతిమిలాడకుంటే నేను జైల్ల సచ్చేటోన్ని. ముత్యవ్వ లేకపాయె, ఇంకెవలకిస్త? ఇది నీకే నేసిన."

అన్నం తిని పొమ్మంటే ఆగలేదు, బస్సు ఉందన్నాడు. గడప దిగినవాడు మళ్లీ వెనక్కి తిరిగాడు.

"మర్శిపోకు తమ్మీ. దీనికి సబ్బు, సోడ తగలనియ్యకు. సల్లనీళ్లల్లనే జాడియ్యాలె."

"అట్లనే అన్నా" అన్నాను.