జొన్న కాఫీ గురించి అసలు సంగతి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ప్రొద్దుటూరులో మా నాన్న గుమాస్తాగా పనిచేసే పత్తి మిల్లు మూతపడింది. ఆయన ఒక బట్టల అంగట్లో తక్కువ జీతానికి కుదిరాడు. ఇంట్లో వరన్నం పండగలకే వండేవాళ్లం. కాఫీ గింజలు కొనడం మానేసి, అమ్మ జొన్నలు నల్లగా వేయించి పొడి కొట్టింది.

అది కాఫీయేనని అమ్మ నాన్నను ఏళ్ల తరబడి నమ్మించిందని నేను పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటాను. అది నా కల్పన. మొదటిరోజు గ్లాసు చేతికిస్తూనే అమ్మ చెప్పేసింది.

"ఇది కాపీ కాదు, మాడ్చిన జొన్నలు. వద్దంటే మజ్జిగ ఇస్తా."

నాన్న ఒక గుక్క తాగాడు. "నల్లగుంది, నోరు కాలుతాంది. ఇంగేం కావల్ల? రోంత బెల్లమెయ్యి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

మొన్న పులివెందులలో మా తమ్ముడి కూతురి పెళ్లిలో మళ్లీ అదే కథ చెప్పాను. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"మీ నాయన లేడని ఏమన్నా చెప్తావా? ఆయన్ను నేనెప్పుడు మోసం చేసినానప్పా?" అని అందరి ముందూ అడిగింది.

ఆ పెళ్లికి వచ్చినవాళ్లు చదువుతారనే ఇది రాశాను. మా అమ్మ ఆయన దగ్గర ఏదీ దాచలేదు.