జారితే విరిగేది, మూడక్షరాలు

తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. మిషన్ బడిలో పంతులుగా చేసిన మా నాన్న నుంచి అంటుకుంది. ఆయన దిద్దింది పిల్లల రాతలు. నేను దిద్దబోయింది ఒక గని కాంట్రాక్టరు రాతను. నన్ను మించిన మూర్ఖుడు బళ్ళారి జిల్లాలో దొరకడని ఇప్పటికీ నా నమ్మకం.

ఇనుపరాయికి బంగారం ధర పలికిన రోజులవి. కుడతిని దారిలో ఆ కాంట్రాక్టరుకు ఒక తూకపు కాటా ఉండేది. ఎర్రదుమ్ములో పగలంతా లారీలు బారులు తీరేవి. బండి కాటా ఎక్కగానే డ్రైవరు పేరు, బండి నంబరు, బరువు చీటీ మీద రాసివ్వడం గుమాస్తాగా నా పని.

ఆదివారమైతే ఆయన నా గదిలో కూర్చుని పేపర్లోని గళ్ళనుడితో కుస్తీ పట్టేవాడు. దానికి కారణం ఆయన మామగారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండిస్తున్న ఆసామి. వారం వారం గళ్ళు నింపి పంపేవాడు. అన్నీ సరిగ్గా రాసినవాళ్ళ పేర్లు రెండు వారాలకు అచ్చయ్యేవి. అందులో తన పేరు చూపించి, భోజనాల దగ్గర, "కన్నడ బడిలో చదివినవారికి తెలుగు గళ్ళెందుకులెండి అల్లుడుగారూ" అని దెప్పేవాడట.

ఒక ఆదివారం, "చేతికి వేస్తే గలగల, నేలకు వేస్తే ముక్కలు" అన్న ఆధారానికి కాంట్రాక్టరు 'గాజు' అని రాసి, మూడో గడి ఖాళీగా వదిలేశాడు. నేను వెనకనుంచి తొంగిచూసి, "మూడో గడి ఆకలితో చస్తాది సార్, గాజులు అని రాయండి" అన్నాను. ఆయన మనుషులు నవ్వారు. వాళ్ళు నవ్వకపోయి ఉంటే ఈ కథే లేదు. చెంపమీద పడిన దెబ్బకు నా కళ్ళద్దాలు ఎగిరి గోడకు తగిలాయి. ఎడమ అద్దం నిలువునా బీటవారింది. నోరంతా ఉప్పటి రక్తం. పెళుసు వస్తువుల జాబితాలో నన్ను నేను అప్పుడే చేర్చుకున్నాను.

"అంత తెలివుంటే నువ్వే నింపప్పా," అన్నాడు. "ఇంగ ప్రతి ఐతారం పదాలు నీవి, పేరు నాది. గొత్తాయ్తా, తెలిసిందా?"

దెబ్బ ముందు, గళ్ళు నింపే ఉద్యోగం తర్వాత. అలా చేరాను. ఆయన పేరు రెండుసార్లు అచ్చయింది. మామగారు మాత్రం, "గుడ్డిదెబ్బ రెండుసార్లు తగులుతుంది లెండి, మూడోది చూద్దాం" అన్నాడట. మూడోసారి పేరు పడకపోతే నా కుడి అద్దం కూడా ఉండదని కాంట్రాక్టరు నాకు చెప్పాడు.

ఆ మూడో ఆదివారమే, వరుసలో ముందున్న లారీ పక్కకు జరగలేదు. కాంట్రాక్టరు బండ్లు వస్తే అందరూ దారివ్వాలన్నది అక్కడి రివాజు. ఆ డ్రైవరు కుడతిని వాడు. చీటీ తీసుకున్నప్పుడల్లా, "అద్దానికి ఆ గీతేందన్నా, పాపిట తీసినావా?" అని నన్ను ఆటపట్టించేవాడు.

"నిన్నటి సంది లైన్లో ఉండా," అన్నాడు అతను. "నా బండి తూగినాకనే ఎవురిదైనా."

మొదట లారీ ముందు అద్దం పగిలింది. కాంట్రాక్టరు మనుషులు నలుగురు ఎక్కి అతన్ని జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చారు. కిటికీలోంచి నాకు అంతా కనబడుతోంది. ఎదుటి కుర్చీలో కాంట్రాక్టరు పేపరు మీదినుంచి తల ఎత్తలేదు.

"అరిగేదాకా రాస్తుంది, జారితే విరుగుతుంది. మూడచ్చరాలు, నడుమ 'ల'. పెళుసుదేదో ఉండాది, ఏందప్పా అది?"

బయట అతని కుడిచేతిని బంపరు మీద ఆనించి పట్టుకున్నారు. జాకీ రాడ్డు పైకి లేచింది.

"సార్, చెయ్యి..." అన్నాను.

"చెయ్యి రెండచ్చరాలే గదప్పా. సరిగ్గా చెప్పు."

రాడ్డు దిగింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు. అతని అరుపు కాసేపటికి గాని రాలేదు. ఈలోపల రాడ్డు రెండోసారి దిగింది. నా నోట్లోంచి ఏదో మాట ఊడిపడింది.

"పలక."

"పలక! నేను ఎన్ని పగలగొట్నో!" అని ఆయన సంబరంగా రాసుకున్నాడు. గళ్ళ కాగితం నా చేతికిచ్చి పోస్టు చెయ్యమన్నాడు.

మర్నాడు అదే పేపరు ఇంకోటి సంపాదించుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. అతని చెయ్యి భుజం దాకా సిమెంటు కట్టులో ఉంది. ఎముక రెండుచోట్ల విరిగిందట. స్టీరింగు మాట మరిచిపొమ్మన్నారట. పేపరు విప్పి ఆ ఆధారం చదివాను.

"బలపమన్నా," అన్నాడు వెంటనే. "బడికి పోయిన నాలుగేండ్లూ దినానికి రెండు ఇరగ్గొట్టేటోణ్ణి."

"పలక కాదా?"

"పలక యాడన్నా అరుగుతాదా?"

బలపాల మధ్య పెరిగిన పంతులు కొడుకును నేను. భయంలో అదీ తోచలేదు. మిగతా ఆధారాలు నేను చదువుతుంటే అతను చెప్పాడు. తెలియనివి నేను అందించాను.

"నీ పేరుతో పంపుదామా?" అన్నాను.

"రాసేకి నాకు చెయ్యి లేదు గదన్నా."

"నాది ఉంది."

కాంట్రాక్టరు కాగితం నా జేబులోనే ఉంది. ఒక్క పదం కొట్టేసి దిద్దితే నా కుడి అద్దం దక్కేది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తప్పు కనిపించినా దిద్దలేదు. రెండు కవర్లూ ఒకే డబ్బాలో వేశాను.

రెండు వారాలకు కాంట్రాక్టరు పేపరు పట్టుకుని వచ్చాడు. పేర్ల మీద వేలు నడిపిస్తూ చివరిదాకా వెళ్ళాడు.

"మామ పేరుండాది. నాది లేదేందప్పా?"

"పలక కాదంట సార్. బలపమంట."

అంటూనే కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. అనుభవం నాకు నేర్పిన తెలివి అదొక్కటే. ఈసారి పెదవి చిట్లింది, ఒక పన్ను కదిలింది. రక్తం తుడుచుకుని, "మన పక్క వాళ్ళ పేరేదన్నా పడిందేమో చూడండి సార్. అద్దాలు లేనిదే నాకు ఆనదు. మీరే చదవండి" అన్నాను.

ఆయన వెలుతురు కోసం గుమ్మంలోకి వెళ్ళి నిలబడి చదివాడు. ఇంటిపేరు, పేరు, కుడతిని.

"ఎవురప్పా వీడు? కుడతినిలో ఇంత తెలివిగల్లోడు!"

తాను చెయ్యి విరగ్గొట్టించిన మనిషి పేరు ఆయనకు తెలియదు. చీటీల మీద రాసేవాణ్ణి కనుక నాకు తెలుసు. వరుసలో బీడీలు కాలుస్తున్న డ్రైవర్లకూ తెలుసు. వాళ్ళందరూ తలలెత్తి ఇటు చూశారు.

"చెవి గింగురుమంటోంది సార్, సరిగా వినపడలేదు," అన్నాను. "ఇంకొక్కసారి."

ఆయన ఇంకోసారి, ఇంకా గట్టిగా చదివాడు.