తల పక్కకు వాల్చి వినే ఆఫీసరు

మొన్న మా మేనకోడలు, వాళ్ళ ఆఫీసువాళ్ళు పంపిన వీడియో ఒకటి ఫోనులో చూస్తూ నన్నూ చూడమంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఒకాయన, మంచి నాయకుడు ముందు తన మనసునూ తర్వాత ఎదుటివాళ్ళ మనసునూ చదవగలగాలని చెబుతున్నాడు. చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ వినేటప్పుడు తల ఇలా పెట్టాలంటూ కొంచెం పక్కకు వాల్చి చూపించేసరికి నా మొహం ముడుచుకుపోయింది. "ఏమైందత్తా, మొహం గట్ల పెట్టినవ్?" అంది పిల్ల. తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను. అలా వాలిన తల ఒకటి గోదావరిఖనిలో చూశాను నేను.

మా ఆయన పోయాక, ఆయన పనిచేసిన కంపెనీ నాకు బాయి మీది క్యాంటీన్‌లో ఉద్యోగం ఇచ్చింది. బొగ్గుగనిని మా దగ్గర బాయి అనే అంటారు. తెలంగాణ ఇంకా రాలేదు గానీ, ఎప్పుడొస్తుందో మా టీ బల్లల దగ్గర రోజూ తేలిపోయేది. తుడిచిన బల్ల తుడుస్తుండగానే నల్లబడేది. షిఫ్టు దిగి పైకి వచ్చినవాళ్ళలో కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు కాబట్టి, ఎవరెవరో గొంతును బట్టి పోల్చుకునేవాళ్ళం. ఆ వంటింటికి పెద్ద దిక్కు ఒక అక్క. మా చర్చికే వచ్చేది. ఆమె పాట ఎత్తుకుంటే మైకు దండగ అనేవారు పాస్టరు అయ్యగారు. అదే గొంతుతో వంటింట్లో "జల్ది కానియ్యున్రి, షిఫ్టు మన కోసం ఆగది" అని కేక వేస్తే పిండి పిసికే చేతులు వాటంతటవే కదిలేవి. ఆమెకు హోదా ఏమీ లేదు. కానీ ఆమె రాని రోజు ఉప్పు ఎంత వెయ్యాలో తేల్చుకోవడానికే మాకు పంచాయితీ అయ్యేది.

అంతకు ముందు మా క్యాంటీన్ బాధ్యత చూసిన ఆఫీసరు మిరపకాయ బజ్జీలు తినడానికి తప్ప ఆ వైపు వచ్చేవాడు కాదు. కొత్తగా వచ్చినాయన అలా కాదు. హైదరాబాదులో ఏదో నాయకత్వ శిక్షణ పూర్తి చేసుకుని వచ్చాడట. వచ్చిన వారంలోనే మా అందరి పేర్లూ నేర్చుకున్నాడు. "నేను ఆఫీసర్ని కాదక్కా, మీ తమ్ముణ్ణి. మనసులో ఏమున్నా నాతో చెప్పుకోండి" అనేవాడు. అప్పటిదాకా మా మనసులో ఏముందని అడిగినవాళ్ళు లేరు కదా, మేము వెన్నలా కరిగిపోయాం. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ అక్క కూడా కరిగింది. అల్లుడు కొట్టి చెయ్యి విరగ్గొడితే కూతురు ఇంటికి వచ్చేసిందని, కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చిందని కాలనీలో చెబుతున్నానని ఆయనతో చెప్పుకుంది. పక్కనే కూర్చున్న నాకే ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆయన తల పక్కకు వాల్చి విన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. "ఇది నా దగ్గరే ఉంటుందక్కా" అన్నాడు.

ఆ వానాకాలం నూనె సరఫరా కొత్త కాంట్రాక్టరుకు వెళ్ళింది. డబ్బా మూత తీస్తే పాత రంగు డబ్బా తెరిచినట్టు కంపు. మూకుట్లో పోస్తే పసుపుపచ్చ నురగ పొంగి మా కళ్ళు మండేవి. చీర కొంగు, జుట్టు, ఇంటికి వెళ్ళి తినే అన్నం, అన్నీ అదే వాసన. ఆ పూరీలు తిని బాయిలోకి దిగినవాళ్ళు ఆ ఉక్కలో, ఆ చీకట్లో కక్కుకుని, అదే కంపుతో పైకి వచ్చేవారు. "సారూ, ఇది మనుషులు తినే నూనె కాదు, వాపసు పంపున్రి" అని అక్క రెండుసార్లు చెప్పింది. "మీ బాధ నాకు అర్థమవుతోందక్కా" అన్నాడాయన రెండుసార్లూ. డబ్బాలు మాత్రం కదల్లేదు.

మూడోసారి షిఫ్టు మారే వేళ, క్యాంటీన్ నిండా జనం ఉండగా, అక్క డబ్బా తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. తల పక్కకు వాల్చాడు. "అక్కా, మీ కోపం ఈ నూనె మీద కాదు. అల్లుడు మీ అమ్మాయి చెయ్యి విరగ్గొట్టి ఇంటికి పంపాడు కదా, ఆ దుఃఖం ఇలా బయటికొస్తోంది. కొన్నాళ్ళు సెలవు తీసుకోండి" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో, అవే తడి కళ్ళతో. ఒంటి మీద జెర్రి పాకినట్టు కంపరం పుట్టింది నాకు. నూనె కంపు అంతకంటే నయం, అది తానేమిటో దాచుకోలేదు.

అక్క మొహంలో నెత్తురు లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని నెమ్మదిగా అంది: "సారూ, నా బిడ్డ సంగతి నీకు చెప్పిన. నూనె సంగతి గూడ చెప్పిన. ఒకటి గింత మందికి చెప్పినవ్. ఇంకోటి ఎవలికి చెప్పినవ్?"

"అక్కా, ముందు మీరు శాంతించండి..." అంటున్నాడు ఆయన. ఆమె వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. మేమూ ఆర్పేశాం. బాయిలో పనిచేసే, మేమంతా కాకా అని పిలిచే ఒక పెద్దాయన టోపీ తీసి డబ్బా పక్కన పెట్టి, "ఆమె అడిగింది నూనె గురించి. దానికి జవాబు చెప్పున్రి" అన్నాడు. దిగాల్సినవాళ్ళు ఎవరూ దిగలేదు. చివరికి మేనేజరే వచ్చి డబ్బా వాసన చూసి, ముక్కు మూసుకుని, అన్నిటినీ లారీ ఎక్కించాడు. ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. మనుషులతో ఎలా మెలగాలో నేర్పే విభాగానికి పంపారని తెలిసి, నవ్వాలో ఉమ్మాలో మాకు తోచలేదు.

నూనె మారింది గానీ అక్క మునుపటిలా లేదు. కాలనీ ఆడవాళ్ళు ఓదార్పు పేరుతో కూతుర్ని చూడటానికి వచ్చేవాళ్ళు. చర్చిలో ఆమె వెనక బెంచీలో కూర్చుని పెదవులు మాత్రం కదిపేది. అడిగి మరీ మందమర్రికి బదిలీ చేయించుకుంది. ఆమె పని నాకు అప్పగించారు. వెళ్ళే రోజు, ఇంతమందితో ఎట్లా నెగ్గుకొచ్చేదని నేను బెంగపడుతుంటే, "ఎవ్వల ఇంటి సంగతి తవ్వకు. చెప్తే విను, ఆడనే ఇడిచిపెట్టు. పని సంగతి చెప్తే మాత్రం పోయి చూడు" అంది.

వినడానికి చిన్న మాటే. ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది ఎంత కష్టమో. పప్పులో పురుగుందని ఎవరైనా విసురుగా అంటే, పాపం ఇంట్లో ఏం గొడవో అని నాకూ ముందు అదే తోచేది. తోచిన మరుక్షణం నా మీద నాకే రోత పుట్టేది. లేచి వెళ్ళి పప్పు డబ్బా మూత తీసేదాన్ని. పురుగు ఉండేది. లేని రోజు, లేదని ఇద్దరం కలిసి చూసేవాళ్ళం.

రాష్ట్రం వచ్చాక ఒక రోజు, మంచిర్యాలలో బస్సెక్కితే కిటికీ పక్కన అక్క కూర్చుని ఉంది. రిటైరైందట. మోకాళ్ళ నొప్పుల గురించి, వేసవి గురించి మాట్లాడుకున్నాం. కూతురి గురించి నేను అడగలేదు. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చాక ఆమే మొదలుపెట్టింది, నీళ్ళవైపు చూస్తూ. బిడ్డ మంచిర్యాలలో సొంతంగా కుట్టు దుకాణం పెట్టిందని, వాన వచ్చేముందు చెయ్యి ఇంకా లాగుతుందని, అయినా నవ్వుతున్నదని చెబుతూనే ఉంది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవలేదు. మనిషి నోటినుంచి ఒక సంగతిని లాక్కోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. అదే సంగతి తనంతట తాను మళ్ళీ ఆ నోటికి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళను తొందరపెట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు.