మెడ లేని చెంబు

అమ్మ పోయాక, హోసూరులో నా అద్దె ఇంట్లో పొద్దున కాఫీ తాగి పెట్టిన గ్లాసు, సాయంత్రం షిఫ్టు ముగించుకుని తాళం తీస్తే పెట్టిన చోటే ఉండేది. దాన్ని జరిపేవాళ్ళు లేరు. నవ్వుకుంటారేమో గానీ, ఆ గ్లాసును చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఫ్యాక్టరీలో నాతో పాటు లేత్ మీద పనిచేసేవాళ్ళు సాయంత్రమైతే సినిమాలకో పేకాటకో పోయేవారు. నేను పాత తూటాలు పట్టుకున్నాను.

తూటాలంటే కంగారు పడకండి. అన్నీ ఏనాడో పేలిపోయి, లోపల ఏమీ లేని ఉత్త ఇత్తడి తొడుగులు. కృష్ణగిరి బజారులో పాత ఇత్తడి తీసుకుని కొత్త పాత్రలిచ్చే అంగడి ఒకటుండేది. యుద్ధాలకు పోయి వచ్చిన సిపాయిలు గుర్తుగా తెచ్చుకున్నవి, వాళ్ళు పోయాక, విరిగిన గరిటెలతో పాటు ఆ అంగడి కుప్పలోకి చేరేవి. అక్కడే పరిచయమైన ఒక రిటైరైన సుబేదారు నాకొక కట్టడి పెట్టాడు. పేలినదని తాను చూసి చెప్పినవే ఇంటికి తీసుకుపోవాలి, అనుమానమున్నదాన్ని ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. ఆ కట్టడి నేనెప్పుడూ దాటలేదు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలయ్యేది. పచ్చగా పట్టిన చిలుమును వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా గీకి, నూనె గుడ్డతో తుడిచేవాణ్ణి. అంతకు మించి రుద్దకూడదు. వయసుతో వచ్చిన ఆ ముదురు రంగే దాని అందం. అడుగున కొట్టిన అంకెలు, ఏ సంవత్సరంలో తయారయిందో, మెల్లగా పైకి తేలేవి. పేలినప్పుడే ఎగిరిపోయిన ముందరి గుండుకు బదులు, ఫ్యాక్టరీలో మేస్త్రీని బతిమాలి, టేకు ముక్కతో లేత్ మీద నకలు చేసి బిగించేవాణ్ణి. అది సరిగ్గా కూర్చున్న పూట ఎవరికైనా చూపించాలనిపించేది. ఎవరికి చూపించాలి?

మా అక్కను బాగలూరులో పూల తోటలున్న ఇంటికి ఇచ్చాము. నన్ను పెంచింది సగం తనే. వచ్చినప్పుడల్లా నా అలమర చూసి, పెళ్ళాం లేని ఇల్లు మందుగుండు కొట్టయిందని ఎగతాళి చేసేది. ఒకసారి నిజంగానే బాధపడి అడిగింది.

"ఏమప్పా, ముసలోడివైతే నీకు ఇవి గంజి కాచి పోస్తాయా?"

తొంభైల మధ్యలో తనే ఒక సంబంధం చూసింది. కెలవరపల్లి డ్యాము దగ్గర ఊరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. పిల్లను చూడ్డానికి పోయాము. పెద్దవాళ్ళు గులాబీల ధరల గురించి మాటల్లో ఉండగా, ఆ అమ్మాయి కాఫీ ఇస్తూ నా వేళ్ళ నలుపు చూసింది. ఫ్యాక్టరీ నూనెనా అని మెల్లగా అడిగింది. కాదని, పాత తూటాల చిలుమని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను. పెదవి బిగబట్టి నవ్వింది.

"మేము తోమితే ఇత్తడి తెల్లగయితాది. మీరు తోమితే చేతులు నల్లగయినాయే. నాకొకసారి చూపించల్ల."

చూపించమని నన్నడిగిన మొదటి మనిషి ఆమె. తిరుగు బస్సులో అక్క ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఈ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దని ఆ బస్సులోనే తీర్మానించుకున్నాను.

తర్వాతి వారం వాళ్ళు మా ఇల్లు చూసుకోవడానికి రావాలి. ఆ తంతుకు పిల్ల రాదు, ఆమె తండ్రీ మేనత్తా వస్తారు. ముందు రోజే అక్క వచ్చింది. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇల్లంతా కడిగి, చిన్న తూటాలన్నీ గోనెసంచిలో కట్టి మంచం కిందికి తోసేసింది. ఒక్కటి మాత్రం దాచలేదు. నా దగ్గరున్నవాటిలో పెద్దది, మూరకు కాస్త తక్కువ పొడవున్న ఫిరంగి గుండు తొడుగు. అంచెట్టి ఊరి వైపు నుంచి ఆ పాత్రల అంగడికి వచ్చింది. ఎవరో దాంట్లో విత్తనాలు దాచుకున్నట్టున్నారు, నేను కొన్ననాడు అడుగున నాలుగు రాగి గింజలున్నాయి. ఇంత మంచి ఇత్తడి మురికిపట్టి ఉందని అక్క దాన్ని చింతపండుతో బంగారంలా తోమి, బియ్యం పోసిన పళ్ళెంలో నిలబెట్టి, నీళ్ళు పోసి, మామిడాకులూ టెంకాయా పెట్టి, పసుపు కుంకుమతో కలశం చేసేసింది.

ఆ రంగు రావడానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో తనకేం తెలుసు? కానీ చింతపండు పులుపుకు తన వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. కలశాన్ని అలాగే ఉండనిచ్చాను.

మరునాడు వాళ్ళు వచ్చారు. మేనత్త నేరుగా కలశం ముందుకు పోయి, ఆకుతో నీళ్ళు తీసి తన తల మీద చల్లుకుని, కళ్ళకద్దుకుంది. తండ్రి మాత్రం దాన్నే చూస్తూ నిలబడ్డాడు. మెడ లేని చెంబు యాడా చూడలేదే అన్నాడు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని అక్క తడుముకోకుండా చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"అవునాప్పా?"

అవునంటే సరిపోయేది. కానీ ఇంటికి పోయాక కూతురు అడుగుతుంది, ఆ తూటాలు చూసినారా అని. ఆమెకు నిజం చెప్పి, ఆమె తండ్రికి అబద్ధం చెప్పలేకపోయాను. ఫిరంగి గుండు తొడుగని చెప్పాను. ఖాళీదని, పేలదని, అడుగున అంకెలున్నాయని, అవసరం లేనిదంతా చెప్పాను. మేనత్త పైటకొంగుతో తలా ముఖమూ తుడుచుకుంటూనే ఉంది. ఎవరి ప్రాణం తీసిందో ఏమో అని ఒక్క మాటంది. మర్యాదస్తులు, కాఫీ తాగే పోయారు. పిల్లకు ఇప్పట్లో పెళ్ళి చేయడం లేదని రెండు రోజుల్లో కబురొచ్చింది.

అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు, అక్కతో మాట్లాడ్డం తగ్గించాను. ఆ తర్వాత తను చూసిన సంబంధాలకు నేను పోలేదు. ఎవరడిగినా, కలశం పెట్టి మా అక్క నా పెళ్ళి చెడగొట్టిందని నవ్వుతూ చెప్పేవాణ్ణి. నవ్వుతూ చెప్పినా, లోపల అది నవ్వు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు, ఒక మామిడికాయల కాలంలో, కృష్ణగిరి బస్టాండులో ఎవరో నా చేతుల వైపు చూస్తున్నట్టనిపించి తలెత్తాను. ఆమె. కొంచెం ఒళ్ళు చేసింది, మెడలో పుస్తెలున్నాయి. భర్త నీళ్ళ బాటిలు కోసం పోయాడట. ఇంకా ఆ పని చేస్తూనే ఉన్నారా అని అడిగింది. ఉన్నానన్నాను. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. కాసేపు తన చేతిసంచి సర్దుకుంది.

"మా మేనత్త వద్దనింది, మా నాయన వద్దన్నాడు. నన్ను ఎవురూ అడగలేదు. మీరు గూడా అడగలేదు. నేను ఒప్పుకునుందును."

బస్సు వచ్చిందన్నాను. అది ఆమె బస్సు కాదు, నా బస్సూ కాదు. ఇంతలో ఆమె భర్త వచ్చి పిలిచాడు, పోయింది. నేను ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళు అక్క మీద మోసిన కోపాన్ని ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియలేదు.