టైరు కింద రాయి

నా చిన్నప్పుడు మా కొండ మీద చలికి బండి హారన్‌కు కూడా గొంతు పట్టేసేదనీ, నొక్కితే మోగడం మానేసి దగ్గేదనీ చెబితే, ఇక్కడ అల్ అమెరాత్‌లో మా ఇరుగుపొరుగు నవ్వుతారు. ఒమాన్‌లో చలేమిటని వాళ్ళ అనుమానం. హారన్ సంగతి నా కల్పనే, ఒప్పుకుంటాను. చలి మాత్రం నిజం. జెబెల్ అఖ్దర్ మీద జనవరి పొద్దుల్లో బకెట్లో నీళ్ళ పైన అద్దం ముక్కలా మంచు తేలేది. అమ్మ ఆ కొండమీది ఆసుపత్రిలో నర్సు. నాన్న మస్కట్‌లో డ్యూటీ చేసుకుంటూ సెలవులకు పైకి వచ్చేవారు.

మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఆయనను నేను మామూ అని పిలిచేదాన్ని. వాళ్ళది కడప. కొండ దారిలో ఇరుక్కుపోయిన బండ్లను బయటికి లాగడం ఆయన పని. ఇప్పుడంటే పైదాకా తారురోడ్డు ఉంది గానీ, అప్పుడు అంతా కంకరా మట్టీ. ఆయన పాత ఫోర్ బై ఫోర్ బండికి ముందు బంపర్ దగ్గర ఇనుప తాడు చుట్టుకునే వించ్ ఉండేది. చలికాలంలో ఆ బండిని ఆయన చంటిబిడ్డలా చూసుకునేవారు. పొద్దు వాలగానే బానెట్ మీద పాత రజాయి కప్పి, బ్యాటరీ ఊడదీసి తన గదిలో మంచం పక్కన పెట్టుకునేవారు. దానికి జోల కూడా పాడేవారని స్కూల్లో చెప్పాను. కొందరు నమ్మారు.

మామూకు ఒక పట్టింపు ఉండేది. వాలులో బండి ఆపితే చక్రానికి అడ్డంగా రాయి పెడతారు కదా, పని కాగానే చాలామంది డ్రైవర్లు ఆ రాయిని దారిలోనే వదిలేసి పోయేవారు. మామూ అలా పోయేవారు కాదు. పెట్టిన చెయ్యే తియ్యాలనేవారు. దారిలో పరాయివాళ్ళు వదిలేసిన రాళ్ళు కనబడినా బండి ఆపి, దిగి, పక్కకు వేసి గానీ కదిలేవారు కాదు.

నాకు పదేళ్ళప్పుడు, చలికాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. మేకల దాణా వేసుకుని పైకి వస్తున్న ఒక ముసలాయన పికప్ జారి పక్క కాలువలోకి దిగిపోయిందని కబురొచ్చింది. అమ్మ డ్యూటీలో ఉంది కాబట్టి మామూ నన్నూ వెంట తీసుకెళ్ళారు. పికప్‌కు కొంచెం పైన, కిందివైపు మొహం పెట్టి బండి ఆపారు. లాగేటప్పుడు మన బండే కిందికి జారకుండా ముందు టైరుకు అడ్డంగా రాయి పెట్టే పని నాది. కొబ్బరికాయ కంటే కాస్త పెద్ద రాయి. ఎంతో గొప్పగా పెట్టాను.

పికప్ బయటపడింది. ముసలాయన దాన్ని నడుపుకుంటూ పై మలుపు దగ్గరికి పోయి ఆగాడు. మామూ బండిని వెనక్కి జరిపి, రాయి తీసెయ్యమని నన్ను దింపారు. రాయి బురదలో కూరుకుపోయింది. ఒక్కసారి లాగాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. బండిలో వెచ్చగా ఉంటుంది. వచ్చి కూర్చున్నాను.

"రాయి తీసినావా పాపా?"

"తీసి లోయలోకి విసిరేశాను మామూ. పడిన చప్పుడు కూడా వినిపించింది."

అడిగింది తీశావా అనే. లోయా, చప్పుడూ నేను కలిపినవి. ఆయన నవ్వి బండి తిప్పారు.

పై మలుపు దగ్గర ముసలాయన ఫ్లాస్కులోంచి కహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసి ఇస్తుండగా ఆసుపత్రి బండి మమ్మల్ని దాటి కిందికి పోయింది. పురిటి నొప్పులతో ఉన్న ఒకామెను కొండ కింద నిజ్వాలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. పక్కన కూర్చున్న అమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. అప్పుడైనా అరిచి ఉండొచ్చు. కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

చప్పుడు వినిపించింది. ఈసారి నిజంగానే.

మేం వెళ్ళేసరికి ఆసుపత్రి బండి కింద నల్లగా ఆయిల్ మడుగు కట్టింది. రాయి టైరు కింద ఎగిరి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌ను పగలగొట్టింది. లోపల ఆమె మూలుగుతోంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. ఒమానీ డ్రైవర్ ఆ రాయిని ఎత్తి, ఎవడిదిది అని హిందీలో అడిగాడు. మామూ రాయిని చూశారు. తర్వాత నన్ను, ఒక్కసారే చూశారు.

"రాయి నాదే భాయ్. మర్చిపోయినా."

డ్రైవర్ అన్న మాటలన్నీ తలవంచుకుని పడ్డారు. పడుతూనే ఆమెనూ అమ్మనూ తన బండిలో ఎక్కించుకుని కిందికి పోయారు. చోటు లేక నన్ను డ్రైవర్ దగ్గర వదిలారు.

మూడు గంటలు ఆ చచ్చిన బండిలో కూర్చున్నాం. డ్రైవర్ తన దుప్పటి నాకు కప్పాడు, ఖర్జూరాలు పెట్టాడు. ఈ కొండ మీద తాను కళ్ళు మూసుకుని నమ్మింది ఆ ఒక్క మనిషినేనని చెప్పి చెప్పి బాధపడ్డాడు. చివరికి నన్నే అడిగాడు, ఆయనకు మతిమరుపు వచ్చిందా అని.

నేను ఖర్జూరం నములుతూ తలూపాను.

అబద్ధాలు చాలానే ఆడాను ఈ జన్మలో. నోరు తెరవకుండా ఆడిన ఆ ఒక్కటే ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

నిజ్వాలో క్షేమంగా ఆడపిల్ల పుట్టిందని చెబుతూ పొద్దు వాలకముందే మామూ తిరిగొచ్చారు. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. అమ్మకూ చెప్పలేదు. మర్నాడు చెక్కతో చక్రానికి అడ్డం పెట్టే దిమ్మ ఒకటి చెక్కి, దానికి తాడు కట్టి, రెండో కొసను బంపర్‌కు ముడివేశారు. తియ్యడం మరిచి బండి కదిపితే దిమ్మ వెంటే ఈడ్చుకొస్తూ గోల చేస్తుంది. కొండంతా దాన్ని చూసి నవ్వింది. మామూకు వయసైపోయిందన్నారు. అవునని ఆయనా నవ్వేవారు. అలా నవ్వినప్పుడల్లా నేను ఇంట్లోకి పోయేదాన్ని.

మూడేళ్ళకు ఆయన కడపకు వెళ్ళిపోతూ బండి అమ్మేశారు. తాడు విప్పి, దిమ్మను మా గుమ్మం ముందు పెట్టి పోయారు. నిజం చెప్పడానికి ఆయన నాకు మూడేళ్ళు గడువిచ్చారు. నేను వాడుకోలేదు.

ఆ దిమ్మ ఇప్పుడు నా కారు డిక్కీలో ఉంది. అదేమిటని అడిగిన వాళ్ళకు తలా ఒక కథ చెప్పాను. ఒంటెను కట్టేసిందన్నాను, సముద్రంలో ఓడను ఆపిందన్నాను. ఇప్పటి కార్లకు దాని అవసరం లేదు. అయినా వాలులో ఆపితే పెడతాను. బయల్దేరే ముందు దిగి నా చేత్తోనే తీసి, దారి ఒకసారి చూసి, వచ్చి కూర్చుంటాను. తీసినావా పాపా అని అడిగినట్టే ఉంటుంది.

"తీశాను మామూ" అంటాను, పైకే. ఇంకొక్క మాట కలపను.