పూజగది తలుపు బిగుసుకున్న ఉదయం

వానలు వెలిసిన తరువాత మా పుదుచ్చేరిలో ప్రతి ఇంటివారూ ఏమేమి తడిసిపోయాయో చెప్పుకొంటారు. ఇల్లు మళ్ళీ ఇల్లు కావడానికి ఏ పని ముందు జరగాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ విషయం మీదనే మా ఇంట ఒక ఉదయమంతా వివాదం నడిచింది. జ్ఞాపకమున్నంతలో దానిని వ్రాసి ఉంచడం అవసరమని భావిస్తున్నాను.

తుపాను తీరం దాటిన మరునాడు తెల్లవారేసరికి వీధి కాలువ నీరు మా హాలులో పిక్కలలోతున నిలిచి ఉంది. బియ్యమూ పరుపులూ ముందే అటక ఎక్కించాము గనుక పెద్ద నష్టం లేదు. మొదట హాలు, తరువాత వంటగది, చివర పూజగది అని నేను పనికి వరుస నిర్ణయించాను. ఉద్యోగరీత్యా యానాం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడిని. క్రమం తప్పిన పని నాకు రుచించదు.

నా భార్య ఆ వరుసను అంగీకరించలేదు. దీపం పెట్టనిదే ఆమె కాఫీ ముట్టదు. కాఫీ లేనిదే ఆమె తలనొప్పి ఆగదు. మేడమీది ట్యాంకు నీటితో స్నానం ముగించి వచ్చి పూజగది తలుపు తోసింది. అది కదలలేదు. ఎలుకలు వత్తులు ఎత్తుకుపోతున్నాయని, తలుపుకింద సందు లేకుండా చెక్కపట్టీ కొట్టించింది నేనే. రాత్రంతా నీటిలో నాని తలుపూ పట్టీ ఉబ్బి ద్వారబంధంలో బిగిసిపోయాయి. నేను భుజంతో నెట్టితే తలుపుకున్న చిరుగంటలు మాత్రం మోగాయి.

ఆ మోతకు పక్కింటి ఆవిడ చీపురుతో సహా వచ్చింది. తరతరాలుగా ఈ ఊరి తెలుగు కుటుంబం వారిది. ఆమెకు ఊరి బయట సేదరపేట్‌లో ఫ్యాక్టరీ పని. ఆ రోజు బస్సు లేదు.

"ఏంది వదినా, మొగం వాడిపోయుండాది. కాఫీ తాగలా?"

"దీపం పెట్టలేదమ్మా. తలుపు రావడం లేదు."

"చెక్క ఎండితే అదే వదులవుతుంది. ముందు హాలు కానివ్వండి," అన్నాను.

"ఎండేదానికి ఎండ యాడుండాది అన్నా? నువ్వు చెప్పే వరసకి వాన కూడా లైన్లో నిలబడాల."

పోనీ, ఈ పూటకు గడప మీద దీపం పెట్టమన్నాను.

"గడప నీళ్ళలో ఉందండీ," అన్నది నా భార్య.

తలుపు పైసగం చదరపు గళ్ళు, గడికొక గంట. పక్కింటి ఆవిడ ఒక గంటను వేలితో కదిపి, "ఇది ఊడదా?" అని అడిగింది. నేను మర విప్పి గంట తీశాను. ఖాళీ అయిన గడిలో నా చేయి మణికట్టు దగ్గరే ఆగింది. నా భార్య చేయి మోచేతి దాకా వెళ్ళింది. లోపల గట్టు మీద, తలుపుకు దగ్గరగా, నిన్నటి నూనె, వత్తితో కుంది ఉంది. నూనెలో ముంచిన వత్తిని పక్కింటి ఆవిడ గరిటె కాడకు చుట్టి, వెలిగించి అందించింది. నేను పక్క గడిలోంచి చూస్తూ, "కొంచెం కుడికి," అన్నాను.

"ఎవరి కుడికండీ? నా కుడికా, స్వామి కుడికా?"

"నీ కుడికే."

"అన్నా, నువ్వు గమ్మునుండు. రోజూ పెట్టే చెయ్యి, దానికి తెలుసు."

ముగ్గురమూ నీళ్ళలో నిలబడి ఊపిరి బిగబట్టాము. కుందిలోని వత్తి అంటుకుంది. గళ్ళలోంచి వెలుగు నా భార్య ముఖం మీద పడింది. ఆమె నమస్కరించి, తలుపును వదిలి నావైపు చూసింది.

వంటగది వంతు ఇంకా రాలేదు. అయినా నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి ముగ్గురికీ కాఫీ నేనే కలిపాను. హాలులోని నీరు తోడడం ఆ తరువాతే మొదలైంది.

చెక్క ఉబ్బిన తీరును వివరించడంలోను, పక్కింటి ఆవిడ మాటలను అక్షరాలలో పెట్టడంలోను పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. ఆ కాఫీలో చక్కెర మరచిన సంగతి విడిచిపెట్టానని నా భార్య ఇప్పటికే ఒకటి దిద్దింది. మిగిలినవి పాఠకులు దిద్దవలసిందిగా నా ప్రార్థన.