అత్తమ్మ కట్టుకున్న కార్ఖానా చీర

మొన్న మా కోసాడ్ కాలనీలో పక్కింటి పిల్ల, ఏదో పెద్ద దుకాణంలో ఒకదాని తర్వాత ఒకటిగా ఆరు చీరలు ఒంటి మీద వేసుకుని ఫొటోలు దిగి, ఏది బాగుందో చెప్పమని నా ఫోనుకు పంపింది. ఏదీ కొనలేదట, ఊరికే చూసుకుందట. ఆ ఫొటోలు చూస్తూ కూర్చున్న నాకు, మా అత్తమ్మా నేనూ ఒక చీర కోసం దొంగల్లా లోపలికి దూరిన సాయంత్రం గుర్తొచ్చి, పొయ్యి మీద పప్పు మాడుతున్న సంగతి కూడా తెలియలేదు.

అప్పటికి నాకు పెళ్లయి, ఊరు విడిచి ఈ గుజరాత్‌కు వచ్చి ఏడాది. మా ఆయన మగ్గాల మీదికి పోతే, అత్తాకోడళ్లం వరాఛాలో ఒక శేఠు ఇంటి కింది అంతస్తులో చీరలకు చమ్కీలు, పూసలు కుట్టే పనికి పోయేవాళ్లం. అత్తమ్మ నేను కుట్టిన వరస వంకర పోతే అందరి ముందూ విప్పించేది; ఇంట్లోనేమో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. పొద్దున్నే వచ్చి ఊడ్చేది నేనే కనుక వెనక తలుపు తాళంచెవి నా కొంగుకే ఉండేది. ఆ రోజుల్లో నాకున్న హోదా అదొక్కటే.

ఒక చిలకపచ్చ చీర మీద అత్తమ్మ నెల రోజులు కూర్చుంది. అది పూర్తయిన సాయంత్రం, కార్ఖానా మూసి అందరూ వెళ్లిపోయాక, సందు చివరిదాకా వచ్చి ఆమె ఆగిపోయింది. తెల్లారితే ఆ చీరను మూట కట్టి బజారుకు పంపేస్తారు.

"పన్నెండేండ్ల సంది కుడుతున్న బిడ్డా. ఒక్కటన్న నా ఒంటి మీద ఎట్లుంటదో ఎరుకలేదు. జర తలుపు తియ్యవా?" అంది.

నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. పట్టుబడితే ఇద్దరి పనీ పోతుందని, దొంగలన్న పేరు పడితే ఆ వీధిలో మరెవరూ రానివ్వరని తెలిసి కూడా తాళం తీశాను. శేఠు ఇంటివాళ్లు గుడికి పోయారు. కొనేవాళ్లకు సరుకు చూపించే గదిలో, లైటు వేయకుండా, కిటికీలోంచి పడే వెలుగులోనే నిలువుటద్దం ముందు ఆమె చీర కట్టుకుంటే, నేను కింద కూర్చుని కుచ్చిళ్లు సర్దాను. తన పెళ్లికి కట్టుకున్నది కూడా ఎరువు తెచ్చిన చీరేనని అప్పుడే చెప్పింది. నవ్వలేదు, కదల్లేదు, చాలాసేపు అలా చూసుకుంటూ నిలబడిపోయింది.

ఇంతలో లైటు వెలిగింది. గుమ్మంలో శేఠు భార్య. అత్తమ్మే కుచ్చిళ్లు లాగేస్తూ, వచ్చీరాని హిందీలో, కోడలి తప్పేమీ లేదని, తనే తలుపు తీయించానని చెప్పుకొచ్చింది.

"ఊభా రహో, మాసీ," అలాగే నిలబడు పిన్నీ అంటూ, ఆవిడ అత్తమ్మ భుజం పట్టి ఆపింది. వెనక నుంచి కొంగు తీసి, కుడి భుజం మీదుగా, తమ గుజరాతీల పద్ధతిలో ముందుకు పరిచింది. నెల రోజుల పనంతా ఒక్కసారిగా గుండెల మీద తళుక్కుమంది. ఆవిడ ఒక్క క్షణం చూసి, మాతో కలిసి చీర మడతపెట్టి, తాళంచెవి కోసం నా ముందు చెయ్యి చాపింది.

మర్నాటి నుంచి ఊడవడానికి వేరే మనిషి వచ్చింది. శేఠుకు మాత్రం ఆవిడ చెప్పలేదు; మా కుట్టుపని నిలిచింది. ఆ సాయంత్రం ఇల్లు చేరేదాకా అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. చమ్కీ పని చాలావరకు యంత్రాలకే పోయింది, నా బీరువాలో మడత విప్పని చీరలు కూడా ఉన్నాయి. మా కోడలు మంచి పిల్ల, నన్ను గౌరవంగా చూస్తుంది, నేనూ ఆమెను ఒక్క మాట అనను. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఒకరి కోసం ఒకరం భయపడుతూ నేనూ కోడలూ కలిసి చేసిన తప్పు ఒక్కటైనా లేదే అని.